విద్యపై ఖర్చు: భారత్ 4 శాతం, ఫిన్లాండ్ 6 శాతం. తేడా నిజంగా 2 శాతమేనా?

కాదు. ఆ శాతాలు జీడీపీలో వాటాలు మాత్రమే, అసలు జీడీపీలే వేరు. మన తలసరి ఆదాయం సుమారు 2,500 డాలర్లు, ఫిన్లాండ్‌ది 50,000 పైమాటే. అంటే మనిషికి ఏటా మన ప్రభుత్వాలు విద్యపై పెట్టేది 100 డాలర్ల చుట్టూ, వాళ్లది 3,000 చుట్టూ. దాదాపు ముప్ఫై రెట్లు! పైగా మన జనాభాలో 14 ఏళ్లలోపు పిల్లలు నాలుగో వంతు ఉంటారు, అక్కడ అంత లేరు. కాబట్టి ఒక్కో పిల్లవాడి లెక్కకొస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

అయితే డాలర్ లెక్క మనల్ని మరీ చిన్నబుచ్చుతుంది. టీచర్ జీతం, బడి కట్టే ఖర్చు ఇక్కడ చాలా తక్కువ. కొనుగోలు శక్తి ప్రకారం చూస్తే ఆ ముప్ఫై రెట్లు పది రెట్ల దగ్గరికి దిగుతాయి.

ఎక్కువమంది పొరబడేది కేంద్ర బడ్జెట్ దగ్గర. 2025-26లో కేంద్ర విద్యాశాఖకు కేటాయించింది సుమారు 1.28 లక్షల కోట్లు. దాన్నే దేశం మొత్తం ఖర్చు అనుకుంటే లెక్క తప్పినట్టే. 1976 నుంచి విద్య ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండింటి బాధ్యతగా ఉంది, ప్రభుత్వ టీచర్ల జీతాల్లో సింహభాగం రాష్ట్రాలే ఇస్తాయి.

ఇక తల్లిదండ్రులు ప్రైవేటు స్కూళ్లకు, కోచింగ్‌కు కట్టే ఫీజులు ఈ శాతంలో ఉండవు. ఫిన్లాండ్‌లో బడి ఫీజు అనే మాటే అరుదు, 1948 నుంచి మధ్యాహ్న భోజనం కూడా విద్యార్థులందరికీ ఉచితమే. మన దగ్గర 6 శాతం లక్ష్యం 1964-66 నాటి కొఠారీ విద్యా కమిషన్ కాలం నాటిది, 2020 జాతీయ విద్యా విధానంలోనూ అదే అంకె.