శాసనమంటే రాయా, చట్టమా?

సందేహం: గురువుగారూ, మాది హనుమకొండ. చరిత్ర క్లాసులో మోటుపల్లి శాసనం, బయ్యారం శాసనం అని చదువుతాం. అక్కడ శాసనమంటే రాతి మీది రాత. పౌరశాస్త్రానికి వచ్చేసరికి శాసనసభ, శాసనమండలి అంటారు. అక్కడ శాసనమంటే చట్టం. ఇవి రెండు మాటలా, ఒకటేనా? పరీక్షలో ఎలా రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఇంటర్ విద్యార్థిని

సమాధానం: ఒకటే మాటమ్మా. సంస్కృతంలో ‘శాస్’ అనే ధాతువుకు ఆజ్ఞాపించడం, బోధించడం అని అర్థాలు. శాస్త్రం, శిష్యుడు అన్న మాటలు కూడా దాని నుంచి వచ్చినవే. కాబట్టి శాసనమంటే మొదట ఆజ్ఞే. దాన్ని రాతి మీద చెక్కిస్తే శిలాశాసనం, రాగిరేకు మీద రాయిస్తే తామ్రశాసనం. వాడుకలో ముందున్న ‘శిలా’ జారిపోయి, రాయికే శాసనమన్న పేరు నిలిచింది.

మోటుపల్లి శాసనమే చూడండి. 1244లో గణపతిదేవుడు వేయించాడు. అంతకుముందు తుపానుకు దెబ్బతిని ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా రాజులు లాక్కునేవాళ్లు. ఇకపై అలా జరగదు, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని ఈయన వర్తకులకు అభయమిచ్చాడు. ఇది అచ్చంగా పాలకుడి ఉత్తర్వు, ఈనాటి జీవో లాంటిది. సభలో చర్చ లేదు, రాజుగారి మాటే చట్టం.

దానశాసనాల చివర తరచూ ఒక శ్లోకం కనిపిస్తుంది. తానిచ్చిందైనా, పరులిచ్చిందైనా, ఆ భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. నాకు ఎప్పుడు చదివినా చట్టంలోని శిక్షల సెక్షనే గుర్తొస్తుంది. అయితే ప్రతి శాసనమూ ఆజ్ఞ కాదు. మీ ఊళ్లోనే వేయిస్తంభాల గుడిలో ఉన్న 1163 నాటి రుద్రదేవుడి శాసనం నిండా ఆయన విజయాలే. గుడికిచ్చిన దానం సంగతీ అందులో ఉంది. బయ్యారంలో గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ చెరువు తవ్వించి వేయించినది కాకతీయుల వంశక్రమాన్ని చెబుతుంది. పొగిడినా, దానమిచ్చినా, చెక్కించింది ఏదైనా అన్నింటినీ చరిత్రకారులు శాసనాలనే అంటారు.

శాసనోల్లంఘనోద్యమం అని 1930 గురించి చదువుతారు కదా, అక్కడ ఉల్లంఘించింది చట్టాన్ని. శాసనసభలోనూ అదే అర్థం. తేడా ఒక్కటే. ఇప్పుడు ఆజ్ఞ ఒక్కరి నోటి నుంచి రాదు. తెలంగాణలో 119 మంది ఎన్నికైన సభ్యులున్న శాసనసభ, 40 మంది సభ్యులున్న మండలి ఉన్నాయి. బిల్లుకు ఆమోదం దొరికి, గవర్నరు సంతకం పడ్డాకే అది చట్టమవుతుంది. అందుకే ‘సభలో బిల్లు పెట్టారు’ అన్నచోట ‘చట్టం పెట్టారు’ అని రాయకండి. చాలా జవాబు పత్రాల్లో ఈ తప్పు చూశాను.

పరీక్షలో మాత్రం చరిత్ర పేపర్లో మొదటిసారి ‘శిలాశాసనం’ అని పూర్తిగా రాయండి, తర్వాత శాసనం అంటే చాలు. పౌరశాస్త్రంలో, సభ పేరు చెప్పేటప్పుడు తప్ప, ‘చట్టం’ అనే రాయండి.