కూతురికి తెలియని కువైట్

సిద్ధవటం దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి రాశారు. వయసు 44. పన్నెండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి నిరుడు తిరిగి వచ్చారు. ఆ డబ్బుతోనే అప్పులు తీరాయి, మిద్దె లేచింది, కూతురు నర్సింగ్ చదివింది. ఇప్పుడా అమ్మాయికి కడప నుంచి సంబంధం వచ్చింది. కువైట్ మాట ఎత్తవద్దని, బెంగళూరులో బంధువుల ఇంట్లో ఉన్నట్టు చెబుదామని భర్త, అత్తగారు అంటున్నారట. నిజం చెప్పాలా, దాచాలా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, నిజమే చెప్పండి. రాజంపేట, రాయచోటి వైపు ఏ వీధిలో అడిగినా కువైట్ వెళ్లొచ్చిన వాళ్లు దొరుకుతారు. పెళ్లివారు నాలుగు రోజుల్లో కనుక్కుంటారు. దీనికి ఇంతకన్నా ఆలోచన అక్కరలేదు.

నాకు గుచ్చుకున్నది ఉత్తరం చివర మీరు రాసిన ఒక్క వాక్యం: ‘పాప కూడా అలాగే చెబుదాంలే అమ్మా అంది.’ భర్త గురించి రెండు పేజీలు రాసిన మీరు, దీని మీద ఇంకొక్క ముక్క రాయలేదు. మీ నొప్పి అక్కడుంది.

మీ బావగారు కూడా కువైట్‌లోనే ఆరేళ్లు డ్రైవరుగా చేశారని, ఆయన సంగతి మాత్రం పెళ్లివారికి గొప్పగా చెబుతారని రాశారు. అదే దేశం, అదే దినారు. మగవాడు వెళ్తే సంపాదనపరుడు, ఆడది వెళ్తే అనుమానం. పదో తరగతి దాటని ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. మీరు 31వ ఏట, అన్ని కాగితాలతో వెళ్లారు. తల దించుకోవలసింది ఇందులో ఏముంది?

2019లో దేశమంతటా జరిగిన సర్వేలో, జీతం లేకుండా తమ ఇంటిపని చేసుకునే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ అంట్లు, ఆ వంట మన ఊళ్లో చేస్తే పని కింద లెక్కకు రాదు. కువైట్‌లో చేస్తే జీతం వస్తుంది కానీ పరువు రాదు. తన బిడ్డను ఇంకొకరికి అప్పగించి, జీతానికి వేరొకరి బిడ్డను పెంచే తల్లుల బతుకును సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షైల్డ్ సంరక్షణ గొలుసు అన్నారు. ఆ గొలుసులో మీ అత్తగారూ ఉన్నారు. ఎనిమిదేళ్ల పిల్లకు జడలు వేసి బడికి పంపింది ఆవిడే. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. మిద్దె ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు, అది మాత్రం కనుక్కోండి.

ఇక అమ్మాయి. పన్నెండేళ్లూ ఫోనులో ‘బాగున్నాను, తిన్నాను’ అన్నారే తప్ప, అక్కడ ఏం చేశారో ఆమెకు చెప్పలేదు. ఆమెకు తెలిసిన కువైట్ అంతా తాడు కట్టిన అట్టపెట్టెల్లో వచ్చిన సామాను, ఊళ్లోవాళ్ల గుసగుసలు. పిల్ల సిగ్గుపడుతోందంటే తప్పు ఆమె ఒక్కదానిది కాదు. బిడ్డ బాధపడకూడదని మీరు దాచారు. అది ప్రేమే, కాదనను. అయినా కష్టం తెలియకుండా పెరిగిన బిడ్డకు గౌరవం ఎలా తెలుస్తుంది?

మీరే రాశారు, ఏటేటా ఆమె పాదం కొలత దారం ఊరివాళ్ల చేత తెప్పించుకుని, దానికి సరిపడా చెప్పులు కొని పంపేదాన్నని. ఆ దారాలు ఇంకా పెట్టెలో ఉన్నాయన్నారు. పెళ్లిచూపులకు ముందే, ఇంట్లో మీరిద్దరే ఉన్న ఒక మధ్యాహ్నం వాటిని తీసి, పొట్టిదాని నుంచి పొడుగుదాని దాకా వరసగా చాప మీద పరవండి. ఇవేమిటని అడుగుతుంది. అక్కడ వంటగది పక్కన మీరు పడుకున్న గది ఎలా ఉండేదో, అక్కడి నుంచి చెప్పడం మొదలుపెట్టండి.