కోరల్ ఫోటోలు నీలంగా ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న: ఇంట్లో రీఫ్ ట్యాంక్ (కోరల్స్, అంటే పగడపు జీవుల్ని పెంచే ఉప్పునీటి అక్వేరియం) ఉందండీ, మ్యాక్రో లెన్స్ కూడా కొన్నాను, కానీ కోరల్స్ ఫోటో తీస్తే అంతా నీలంగా, మసక మసకగా వస్తోంది. కంటికి కనిపించే రంగులు రావట్లేదెందుకు?

జవాబు: మీ లెన్స్ తప్పేం లేదండీ. రీఫ్ లైట్లలో నీలం బాగా ఎక్కువ, కోరల్‌లో ఉండే ఫ్లోరసెంట్ ప్రోటీన్లు ఆ నీలాన్ని పీల్చుకుని ఆకుపచ్చగా, నారింజగా వెలుగుతాయి, మన కన్ను ఆ వెలుతురికి సర్దుకుంటుంది గానీ కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని తనంతట తానే సరిచేసే సెట్టింగ్) అంత నీలాన్ని సరిచేయలేదు. అందుకే రా ఫార్మాట్‌లో తీయండి (కెమెరా రంగులు మార్చకుండా దాచే ఫైల్ అది, తర్వాత సరిచేసుకోవచ్చు), లెన్స్ ముందు పసుపో నారింజో ఫిల్టర్ పెడితే సగం పని అక్కడే అయిపోతుంది.

ఇక మసక సంగతి. గ్లాస్ లోపలా బయటా తుడిచి, లెన్స్‌ని గ్లాస్‌కి సరిగ్గా ఎదురుగా తిన్నగా పెట్టండి, కాస్త ఏటవాలుగా పెట్టినా కాంతి వంగిపోయి అంచులు చెదిరిపోతాయి, చాలామంది దీన్నే పట్టించుకోరు. వేవ్ పంపులు (నీళ్లని కదిలించేవి) ఆపి పాలిప్స్ (కోరల్ మీద ఉండే చిన్న చిన్న జీవులు) ఊగడం తగ్గేదాకా ఆగండి, తీశాక మాత్రం వెంటనే ఆన్ చేసేయండి, నీళ్లు కదలకపోతే ఆక్సిజన్ పడిపోతుంది, ఫోటో కంటే వాటి ప్రాణం ముఖ్యం కదా! ట్రైపాడ్, మాన్యువల్ ఫోకస్, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం సైజు) ఎఫ్/8 నుంచి ఎఫ్/11, షట్టర్ 1/125 సెకను దగ్గర మొదలెట్టండి.

ముందు లెదర్ కోరల్ (తోలులా కనిపించే మెత్తటి రకం) ట్రై చేయండి, ఫోకస్ కుదిరితే ఒక్కో పాలిప్‌కి 8 టెంటకిల్స్ (తీగల్లాంటి చేతులు), వాటి రెండు పక్కలా ఈకలాగా సన్నటి పాయలు... భలే ఉంటాయి. ఫ్లాష్ వాడాలంటే ట్యాంక్ పైనుంచి కొట్టండి, ఎదురుగా కొడితే గ్లాస్ మీద మెరుపే పడుతుంది.