తిరుపతిలో కార్డు మీద సైకియాట్రిస్టుకి చూపించాలంటే

అమ్మకి మూడు వారాలుగా నిద్ర లేదు, రాత్రిళ్ళు ఎవరో తలుపు కొడుతున్నారని లేచి కూర్చుంటోంది, ఇంట్లో రేషన్ కార్డు ఉంది, మీ జీతంలో ఈఎస్ఐ కూడా పట్టుకుంటున్నారు, తిరుపతిలో ఆరోగ్యశ్రీ తీసుకునే సైకియాట్రిస్టు ఎవరున్నారని శ్రీకాళహస్తి నుంచి అడిగారు కదా. ఇదే ప్రశ్న పట్టుకుని మా తమ్ముడి కోసం నేను రెండు నెలలు తిరిగాను. అందుకే ముందు ఈ మాట చెప్తున్నా: కార్డు తీసుకునే ప్రైవేటు డాక్టర్ కోసం వెతకడం ఆపేయండి, రేపు పొద్దున్నే అమ్మని రుయాకి, అదే తిరుపతి ప్రభుత్వ పెద్దాసుపత్రికి, తీసుకురండి.

ఆరోగ్యశ్రీ, అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం, అది ప్రధానంగా ఆపరేషన్లకి, ఆసుపత్రిలో చేర్చుకుని చేసే వైద్యానికి పెట్టిన పథకం. మనకి కావలసిందేమో మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించి, మాత్రలు రాసి, నెలకోసారి రమ్మనే వైద్యం. ఇదంతా ఓపీ. ప్రైవేటు క్లినిక్‌లో దీనికి ఆ కార్డు పనికిరాదు.

మా తమ్ముడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో చేసేవాడు. ఉన్నట్టుండి నిద్ర మానేశాడు, మాట ఆపడు, అప్పు చేసి రెండు బైకులకి అడ్వాన్స్ కట్టాడు, వద్దంటే నాయన మీదికి వెళ్ళాడు. ఊళ్ళో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం. తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే కౌంటర్‌లో కార్డు చూసి ‘ఈ జబ్బుకి కాదమ్మా’ అని వెనక్కి ఇచ్చేశారు. డబ్బు కట్టే చూపించాం. బైపోలార్ అన్నారు, మాత్రలు మొదలుపెట్టాక వారంలో నిద్ర పట్టింది. ఫీజు, మందులు, రక్తపరీక్షలు కలిపి మోయలేక రెండో నెల మందులు ఆపేశాం, తగ్గింది కదా అని కూడా అనుకున్నాం. మూడు వారాలకి మళ్ళీ మొదటికొచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా. ఆ మూడు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అప్పుడు పోయాం రుయాకి. ఓపీ చీటీ దగ్గర లైను ఉంటుంది, అబద్ధం చెప్పను, అమ్మకి తినడానికి ఏదైనా, నీళ్ళ సీసా తెచ్చుకోండి. కానీ లోపల జూనియర్ డాక్టర్ చాలాసేపు కూర్చోబెట్టి అడిగింది, నిద్ర ఏ రోజు నుంచి తగ్గింది, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉండేదా, తర్వాత పెద్ద డాక్టర్ చూశారు. మందులు అక్కడే ఇచ్చారు. మా అమ్మకి చదువు రాదంటే మందుల కౌంటర్‌లో ఆయన పెన్ను తీసి పొద్దుటి మాత్రల కవరు మీద సూర్యుణ్ణి, రాత్రివాటి మీద చందమామని గీసిచ్చాడు. అమ్మ ఆ కవర్లని ఇప్పటికీ పారేయలేదు, ప్రతి నెలా కొత్త మాత్రలు వాటిలోకే మారుస్తుంది.

ఇంకొకటి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళకి ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ వైద్యం ఉచితంగా అందడం హక్కు, కార్డు చేతిలో లేకపోయినా సరే. కార్డు మర్చిపోయామని వెనక్కి తిరగొద్దు.

ఇక మీ ఈఎస్ఐ. మీరు దీన్ని చిన్నగా చూస్తున్నారు గానీ నాకైతే ఇదే పెద్ద ఆధారం అనిపిస్తుంది, ఎందుకంటే ఇది ఓపీకి కూడా పనిచేస్తుంది. మీ మీద ఆధారపడిన అమ్మా నాన్నలకి కూడా వైద్యం వస్తుంది, కాకపోతే మీ వివరాల్లో అమ్మ పేరు ఎక్కి ఉండాలి, లేకపోతే కంపెనీలో చెప్పి ముందు ఆ పని చేయించండి. తర్వాత మీకు కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్ళి, అక్కడి నుంచి ఈఎస్ఐ ఆసుపత్రికి రెఫరల్ రాయించుకోవాలి. ఆ విభాగం అక్కడ లేదంటే ఊరికే వచ్చేయకండి, ఎక్కడికి పంపుతారో కాగితం మీద రాసిమ్మని అడగండి.

మా తమ్ముడి విషయంలో ఆఫీసువాళ్ళు మానసిక జబ్బుకి ఏమీ రాదన్నారు. అది తప్పు. అర్హత ఉంటే అనారోగ్యంతో పనికి వెళ్ళలేని రోజులకి ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటివి దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉన్నాయి, రెండేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళకి ఆ తర్వాత కూడా 80 శాతం చొప్పున వచ్చే వీలుంది. డిస్పెన్సరీలో ఒకావిడ చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. మీ అమ్మకి ఈ డబ్బు రాదు, ఉద్యోగికే వస్తుంది, కానీ ఇది చదివే ఎవరికైనా అవసరం పడొచ్చని రాస్తున్నా.

వేలూరు, బెంగళూరు నిమ్‌హాన్స్ అని అందరూ చెప్తారు, మంచివే. కానీ నెల నెలా వెళ్ళగలిగే చోటు కావాలి మనకి.

అమ్మ వాడే బీపీ, షుగర్ మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకురండి. వయసులో పెద్దవాళ్ళకి ఒంట్లో ఉప్పు తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా మాట తేడాగా ఉంటుంది, ఆ పరీక్షలు కూడా చేయమని అడగండి. ఈ రాత్రి గడవడం కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అది, ఫోన్ ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోతాననే మాట వచ్చినా, తిండి పూర్తిగా మానేసినా ఓపీ దాకా ఆగకండి, 108కి చేసి క్యాజువాలిటీకి తెచ్చేయండి.

రేపు వీలుకాకపోతే గురువారం రండి. తమ్ముడి మందుల కోసం నేనూ వస్తాను, పొద్దున ఎనిమిదికల్లా ఓపీ చీటీ లైనులో ఉంటాను, అమ్మని నీడలో కూర్చోబెట్టి మీరు నా పక్కన నిలబడండి.