పొగ తీసేసి మళ్లీ రాయి

చిరంజీవి నాయనకి,

నీ కథ, దాంతోపాటు పంపిన ఫొటో అందాయి. కథ రెండుసార్లు చదివాను. భాష బాగుంది, చేయి తిరిగింది నీకు. ఇక అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే మొదటి పేజీలోనే నాకు కోపం వచ్చింది.

‘పొగలు కక్కుతూ, కూత పెడుతూ ట్రాము ప్యారీస్ కార్నర్ మలుపు తిరిగింది’ అని రాశావు.

నాయనా, మద్రాసు ట్రాముకి పొగ లేదు, కూతా లేదు. 1895 మే 7న మద్రాసులో ట్రాములు మొదలైన నాటి నుంచీ అవి కరెంటు మీదే నడిచాయి. దేశం మొత్తంలో కరెంటు ట్రాము ముందు తిరిగింది అక్కడే. కలకత్తాలో 1873లోనే ట్రాము వచ్చిందిగానీ దాన్ని గుర్రాలు లాగేవి. అక్కడ కరెంటు ట్రాము రావడానికి 1902 దాకా పట్టింది. బొంబాయికి 1907లో వచ్చింది. మద్రాసులో మొదట కరెంటు తీగని రోడ్డు కింద కాలువలాంటి గొట్టంలో పెట్టారు. వానాకాలం వస్తే ఆ గొట్టం నీళ్లతో నిండిపోయేది. అది కుదరక తీగని పైకి ఎత్తారు. నీళ్లకి భయపడి ఆకాశంలోకి ఎక్కిన ఆ తీగని పట్టుకుని నడిచిన బండికి నువ్వు బొగ్గింజను తగిలించావు.

ఇంత చిన్నదానికి ఇంత కోపమా అనుకుంటావేమో. ఎందుకో చెబుతాను.

మా నాన్న జార్జిటౌన్లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. మేము రాయపేటలో ఉండేవాళ్లం. పొద్దున్నే ట్రాములో వెళ్లి, చీకటి పడ్డాక ట్రాములోనే వచ్చేవారు. ఆయన చొక్కా ఎడమ చేతి అంచు మీద ఎప్పుడూ అచ్చు సిరా మరక ఉండేది. ఆయన మీద నా మొదటి కథ రాసి 1968లో ఒక వారపత్రికకి పంపాను. వేసుకున్నారు. పత్రిక వచ్చిన రోజు ఇంట్లో పండగే. విప్పి చూస్తే, నేను ‘ట్రాము’ అని రాసిన ప్రతిచోటా ‘రైలు’ అని ఉంది. మా నాన్న మౌంటు రోడ్డు మీద రైలెక్కుతున్నాడు! బొమ్మ వేసినాయన ఒక ఇంజను వేసి, దాని మీద గుమ్మటంలాగా పొగ పెట్టారు.

ఎడిటరు గారిని కలిసి అడిగాను. ‘మన జిల్లాల పాఠకులకి ట్రాము ఏం తెలుస్తుందమ్మా, అందుకని సులువు చేశాం’ అన్నారు. సులువు! పాఠకుడికి తెలియనిది చెప్పడానికే కదా రాసేది. తెలిసిందే మళ్లీ చెబితే చాలనుకునే ఎడిటర్లని ఆ తర్వాత చాలామందిని చూశాను. ఆ పెద్దమనిషి మీద నాకు ఇవాళ్టికీ కోపం పోలేదు.

నాన్న ఆ కథ చదివారు. జీవితమంతా ఒక్క అచ్చుతప్పు వదలని మనిషి. చదవడం అయ్యాక పత్రిక మడిచి, ‘బాగుందమ్మా’ అన్నారు. జేబులోని పెన్సిలు తియ్యలేదు.

అందుకని నీ కథలో పొగ కనబడగానే నాకు ఆ బొమ్మే కళ్లముందుకొచ్చింది. నిన్ను ఎవరూ మార్చమనలేదు. నీ అంతట నువ్వే పెట్టావు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజున, మీ తాతగారు ట్రాములో మిఠాయిలు పంచుతూ వెళ్లినట్టు రాశావు. చదవడానికి ముచ్చటగానే ఉంది. కానీ మద్రాసులో ట్రాములు ఆగిపోయింది 1953 ఏప్రిల్ 12న. కంపెనీ నష్టాల్లో పడింది, బస్సుల పోటీకి తట్టుకోలేకపోయింది, మూసేశారు. కర్నూలు రాజధానిగా మన రాష్ట్రం పుట్టేనాటికి ట్రాము పోయి అయిదున్నర నెలలైంది.

ఈ తేదీ సరిచూసుకుని ఉంటే నీ చేతికి ఎంత పెద్ద కథ దొరికేదో చూడు. ఆ ఒక్క ఏడాదిలో మద్రాసు తెలుగువాళ్లకి రెండూ పోయాయి. ఏప్రిల్లో ట్రాము పోయింది, అక్టోబరులో ఊరే మనది కాకుండా పోయింది. ‘మద్రాసు మనదే’ అని అరిచిన మనుషులు, రోజూ ఎక్కే బండి లేక ఆ వేసవంతా నడుస్తూ, బస్సుల కోసం నిలబడుతూ ఉన్నారు. పొట్టి శ్రీరాములు గారు పోయింది 1952 డిసెంబరు 15 రాత్రి, మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో. యాభై ఎనిమిది రోజుల నిరాహార దీక్ష. అప్పటికి ట్రాములు ఇంకా నడుస్తున్నాయి. నాకు ఎనిమిదేళ్లు. మర్నాడు నాన్న పనికి వెళ్లలేదు. గుమ్మంలో నిలబడి వీధి చివరకి చూస్తూ ఉండిపోయారు. ఏం చూస్తున్నారని అడిగితే అమ్మ నా నోరు మూసింది. మీ తాతగారు ఆ రోజు ఎక్కడున్నారు? అది అడిగావా?

ఇప్పుడు ఫొటో సంగతి. నేను ఉత్తరం రాయడానికి కూర్చున్నది నిజానికి దీని గురించే.

ఫొటోలో నీ ముత్తవ్వ, ముత్తాత, చేతిలో సంచీతో పదేళ్ల మీ తాతగారు. వెనక ట్రాము. కింద నువ్వు ‘మద్రాసు వదిలి వెళ్తూ, ట్రాము కోసం ఎదురుచూస్తున్న కుటుంబం’ అని రాశావు. కథంతా ఆ వాక్యం మీదే నిలబెట్టావు. నేను భూతద్దం పెట్టి చూశాను. ట్రాము కప్పు మీద నుంచి తీగని తాకుతూ ఒక పొడుగాటి కర్ర ఉంది చూడు. దాన్ని ట్రాలీ పోల్ అంటారు. తీగలోని కరెంటు ఆ కర్రలోంచి కిందికి దిగి, మోటారుని తిప్పి, చక్రాల్లోంచి పట్టాల్లోకి పోతుంది. ఆ కర్ర ఎప్పుడూ బండి వెళ్లే దిక్కుకి వెనక్కి వాలి ఉంటుంది. ముందుకి వాలితే తీగలో ఇరుక్కుని విరిగిపోవచ్చు. అందుకే ఆఖరి స్టేజీలో బండి మళ్లీ బయల్దేరేముందు కండక్టరు దిగి, తాడు పట్టుకుని కర్రని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పుతాడు.

మీ ఫొటోలో కర్ర కొస మన వైపు వాలి ఉంది. అంటే ట్రాము వచ్చేది కాదు, వెళ్లిపోయేది. ఇంకా కర్ర తిప్పని ఆఖరి స్టేజీ అయితే తప్ప దానికి వేరే అర్థం లేదు. పైగా అది ఆఖరి స్టేజీలా లేదు, వెనక పట్టాలు ఇంకా దూరం పోతూ కనబడుతున్నాయి. కాబట్టి ఆ ముగ్గురూ ట్రాము ఎక్కబోతున్నవాళ్లు కాదు నాయనా, అప్పుడే దిగినవాళ్లు. ఊరు వదిలి పోతున్నవాళ్లు కాదు, ఊళ్లోకి వస్తున్నవాళ్లు. మీ ముత్తవ్వ ముఖంలో నువ్వు రాసిన ‘వీడ్కోలు’ నాకు కనబడలేదు. కొత్త ఊళ్లో దిగి, ఇప్పుడు ఎటు పోవాలో తెలియని ఆడమనిషి ముఖం అది. నాకు తెలుసు ఆ ముఖం, మా అమ్మ కూడా నెల్లూరు నుంచి అలాగే దిగింది.

ఒక కర్ర కథని అటునుంచి ఇటు తిప్పేసింది. నేను పట్టుబట్టేది దీనికే. ఒక వస్తువు గురించి రాస్తే అది ఎలా పనిచేసిందో తెలుసుకుని రాయి. ఎవరి చెయ్యి దాని మీద ఉంది, ఏ కాలు దేన్ని తొక్కింది, వాన పడితే ఏమయ్యేది, ఇవన్నీ కనుక్కున్నాక భావం సంగతి చూసుకుందువుగాని. ఇప్పుడంతా ఒక పాత నలుపు తెలుపు ఫొటో పెట్టి, కింద ‘ఆ రోజులే వేరు’ అని రాసేసి ఊరుకుంటున్నారు. ఏ ఊరు, ఏ ఏడు, ఏ రోడ్డు, ఏమీ ఉండదు. బొంబాయి ట్రాముని మద్రాసు అంటారు, కలకత్తా ట్రాముని బొంబాయి అంటారు. కవులైతే మరీ, ట్రాము అనగానే జీవితం అంటారు, పట్టాలు అనగానే విధి అంటారు. ఆ ఫేషన్ నలభై ఏళ్ల కిందట మొదలైంది, నాకు అప్పుడూ నచ్చలేదు.

కలకత్తాలో ట్రాము అభిమానులు ఎలా రాస్తారో చూడు. ఒక ఫొటో పంచుకుంటే రూటు నంబరు, బండి నంబరు, ఏ జంక్షను, ఏ సంవత్సరం, అన్నీ రాస్తారు. ఒకడు తప్పు రాస్తే ఇంకొకడు కరెంటు స్తంభం ఆకారం చూసి దిద్దుతాడు. 1996 నుంచి మెల్‌బోర్న్ వాళ్లూ వీళ్లూ కలిసి ‘ట్రామ్‌జాత్ర’ అని పండగ చేస్తున్నారు, మెల్‌బోర్న్‌లో ట్రాము కండక్టరుగా చేసిన రాబర్టో డి ఆండ్రియా అనే ఆయన దానికోసం కలకత్తాదాకా వచ్చేవాడు. 2024 సెప్టెంబరులో బెంగాల్ ప్రభుత్వం మైదాన్, ఎస్ప్లనేడ్ మధ్య ఒక్క ముక్క తప్ప మిగతా ట్రాములు ఆపేస్తామని చెప్పినప్పుడు గట్టిగా అడ్డుపడ్డది కూడా ఇలా నంబర్లు రాసుకున్నవాళ్లే. ప్రేమ అంటే నాకు అదీ.

నేను కలకత్తా వెళ్లింది 1986లో. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే మా పినతండ్రి కొడుకు ఇంట్లో దిగి, రోజూ లోకల్ రైల్లో హౌరా వెళ్లి, అక్కడ ట్రామెక్కేదాన్ని. అప్పుడు హౌరా బ్రిడ్జి మీద ఇంకా ట్రాములు తిరిగేవి. 1943లో ఆ బ్రిడ్జి తెరిచినప్పుడు దాని మీద మొదట నడిచిన బండి ఒక ట్రామే. ముందు పెట్టె ఫస్ట్ క్లాసు, అందులో ఫ్యాన్లు ఉండేవి. వెనక పెట్టె సెకండ్ క్లాసు, ఫ్యాన్లు లేవు. నేను నాలుగు రోజులు డ్రైవరు వెనకే నిలబడ్డాను. ఎడమ చేత్తో, వేగం పెంచే కంట్రోలరు పిడి ఒక్కో మెట్టు తిప్పుతాడు, కుడి చెయ్యి బ్రేకు మీద. ఎవరైనా పట్టాల మీదికి వస్తే కాలితో గంట తొక్కుతాడు. టంగ్, టంగ్. కూత కాదు.

మూడో రోజు ఒక మలుపులో కర్ర తీగ మీద నుంచి జారిపోయింది. టప్‌మని నిప్పురవ్వలు రాలాయి. పెట్టెలో ఫ్యాన్లు మెల్లగా ఆగిపోయాయి, ఒక్కసారిగా నిశ్శబ్దం. జనం ఎవరూ కంగారుపడలేదు. కండక్టరు టికెట్ల కట్ట చంకలో పెట్టుకుని దిగి వెనక్కి వెళ్లాడు. తాడు రెండు చేతులతో పట్టుకుని, మెడ వెనక్కి వంచి, కళ్లు చిట్లించి, కర్ర కొసనున్న చిన్న చక్రాన్ని తీగ కిందికి తెచ్చాడు. ఒకసారి తప్పింది. రెండోసారి కూడా. మూడోసారి అతుక్కుంది, ఫ్యాన్లు తిరిగాయి. అతను చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఎక్కేశాడు. అక్కడే, ట్రాములో నిలబడి ఏడ్చాను నేను. పద్దెనిమిదేళ్ల కిందట నా కథలో పోయింది ఏమిటో అప్పుడు కళ్లారా కనబడింది.

ఆ తాడు నీ కథలోనూ ఉంది, తెలుసా? ఎనిమిదో పేజీలో, ‘తాతయ్యకి ఓసారి కండక్టరు తాడు పట్టుకోనిచ్చాడు’ అని ఒక్క వాక్యం. చదివి ఆగిపోయాను. నువ్వు ఊహించి రాసేది కాదు అది, ఆయన చెప్పింది. పదేళ్ల పిల్లాడి చేతిలో తాడు, పైన కరెంటు తీగ, వెనక అరిచే జనం. నువ్వు ఆ వాక్యం రాసి, వెంటనే ‘కాలం ఎవరి కోసమూ ఆగదు’ అంటూ పరిగెత్తావు. ఎందుకు నాయనా? అక్కడ కూర్చోవలసింది. ఆ వాక్యం దగ్గర మూడు పేజీలు ఉండవలసింది.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ముందు కథ కానీ. మీ తాతగారికి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి, మాట బాగానే ఉందన్నావు. ఈ ఆదివారమే వెళ్లు. ఆయన్ని ‘ఆ రోజులు ఎలా ఉండేవి’ అని అడక్కు, అలా అడిగితే అందరూ ఒకటే చెబుతారు. తాడు గరుగ్గా ఉందా, నూనె పట్టి ఉందా అని అడుగు. కర్ర లాగితే తిరిగి లాగిందా అని అడుగు. కండక్టరు పక్కనే నిలబడ్డాడా, లేక తన చెయ్యి కూడా తాడు మీద వేశాడా అని అడుగు. ఏ రోడ్డు మీద, పొద్దుటా సాయంత్రమా అని అడుగు. వీలైతే మద్రాసు కూడా తీసుకెళ్లు. వేపేరిలో ట్రాము షెడ్డు ఉన్న చోటే ఇప్పుడు పెరియార్ తిడల్ ఉంది. అక్కడ నిలబెట్టి ఏమీ అడక్కుండా ఊరుకో, ఆయనే చెబుతాడు.

ఇంకొక్కటి. నువ్వు పంపిన ఫొటో అంచులు కత్తిరించి ఉన్నాయి. ముఖాలు పెద్దగా కనబడాలని చేశావు కాబోలు, దాంతో ట్రాము నంబరు సగం తెగిపోయింది. ఫొటో వెనక ఎవరైనా పెన్సిలుతో ఏమైనా రాశారేమో కూడా నువ్వు చూసినట్టు లేవు. అసలు ఫొటో మొత్తం, ముందూ వెనకా తీసి పంపించు. నంబరు చదవాలి నాకు.

ఆశీస్సులతో,
నెల్లూరు నుంచి,
నీ శ్రేయోభిలాషి