బండి పెట్టే చోట ఫొటో ఏముంటుంది?

ప్రయాణాల్లో పార్కింగ్ స్థలాల ఫొటోలు తీసే పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఏ ఊరు వెళ్లినా అక్కడి పార్కింగుల ఫొటోలు తెస్తున్నాను. చూసినవాళ్లేమో ‘అన్నీ ఒకేలా ఉన్నాయి కదా’ అంటున్నారు. వాటి వెనకున్న కథను ఫొటోలోకి ఎలా తేవాలి?

జవాబు: పిల్లర్లు, గీతలు, కార్లు ఎక్కడైనా అవే కాబట్టి వాళ్లన్నదాంట్లో తప్పు లేదండీ. తేడా చెప్పేది ఆ చోటికి మాత్రమే ఉన్న ఒక గుర్తు. అది ఫ్రేములోకి రాకపోతే కింద పేజీడు రాసినా లాభం లేదు.

అమెరికాలో డెట్రాయిట్‌లోని మిషిగన్ థియేటర్‌నే తీసుకోండి. 1926లో తెరిచిన సినిమా మహల్ అది. 1970ల్లో మూతపడింది. పూర్తిగా కూల్చితే ఆనుకుని ఉన్న ఆఫీసు భవనానికి ముప్పని, హాలు లోపలే అంతస్తుల పార్కింగ్ కట్టేశారు. హెన్రీ ఫోర్డ్ 1896లో తన మొదటి కారు తయారుచేసిన షెడ్డు ఉన్నదీ ఆ స్థలంలోనే. కథంతా తలపైనే ఉంది కనుక పై అంతస్తుకు వెళ్లండి. కెమెరాను నడుము ఎత్తుకు దించి, ఫ్రేములో కింది మూడో వంతు కార్లకు, మిగతాది నగిషీల పైకప్పుకు ఇవ్వండి. అందరూ పైకప్పును మాత్రమే తీసి వస్తారు. కార్లు లేకపోతే అది ఇంకో పాత థియేటర్, అంతే.

బెర్లిన్‌లో సమస్య దీనికి పూర్తిగా ఎదురు. హిట్లర్ బంకర్ ఉన్న చోట ఇప్పుడు సాదాసీదా పార్కింగ్, చుట్టూ అపార్ట్‌మెంట్లు. 2006లో పెట్టిన సమాచార బోర్డు తప్ప చూడ్డానికేమీ లేదు. బోర్డును దగ్గరగా తీస్తే నోటీసు ఫొటో అవుతుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి బోర్డు, దాని ముందు ఆగినవాళ్లు, పక్కనే ఎవరిదో కారు, పైన బాల్కనీలు ఒకే ఫ్రేములోకి తీసుకోండి. ఏమీ కనబడకపోవడమే అక్కడి విషయం.

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో కౌన్సిల్ కార్ పార్క్ కింద 2012 ఆగస్టులో తవ్వకాలు మొదలైతే, మొదటి రోజే కాళ్ల ఎముకలు బయటపడ్డాయి. అవి 1485లో యుద్ధంలో చనిపోయిన రాజు మూడో రిచర్డ్‌వేనని 2013 ఫిబ్రవరి 4న ప్రకటించారు. ఆయనను పాతిపెట్టిన మఠాన్ని 16వ శతాబ్దంలో పడగొట్టేశారు. ఆ సంగతి పాత మ్యాపులను పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలిసేది. మీరు చేయాల్సిందీ అదే. ఊరి పాత మ్యాపును ఇప్పటి ఉపగ్రహ చిత్రంతో పోల్చి చూడండి. పార్కింగ్ హద్దు కారణం లేకుండా వంకర తిరిగినా, ఒక వైపు గోడ మాత్రం పాత ఇటుకదైనా, అక్కడ ఇంతకుముందు ఇంకేదో ఉందన్నమాట. లెస్టర్‌లో సమాధి గొయ్యి ఇప్పుడు సందర్శక కేంద్రంలో గాజు నేల కింద ఉంది. లెన్సుకు రబ్బరు హుడ్ తగిలించి గాజుకు ఆనించి తీయండి, లేకపోతే మీ బూట్లే పడతాయి.

ప్రశ్న: సెల్లార్‌లో తీసిన ఫొటోల్లో అడ్డంగా నల్లటి చారలు వస్తున్నాయి. ఫోనులోనూ అంతే, కెమెరాలోనూ అంతే. కార్ల రంగులు కూడా ఆకుపచ్చగా పడుతున్నాయి.

జవాబు: చారలు లెన్సు తప్పు కాదు, లైట్లవి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో ట్యూబులైటు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. మన కంటికి తెలియదు. సెన్సర్ బొమ్మను వరుస తర్వాత వరుసగా చదువుతుంది కాబట్టి వెలుగు తగ్గిన క్షణంలో చదివిన వరుసలు నల్లబడతాయి. షటర్ స్పీడ్‌ను, అంటే సెన్సర్ మీద వెలుతురు పడే సమయాన్ని, సెకనులో 1/50 లేదా 1/100కు పెట్టండి. అమెరికాలాంటి 60 హెర్ట్జ్ దేశాల్లో 1/60 లేదా 1/120. చాలామంది ‘1/125 చాలు, దగ్గరే కదా’ అనుకుంటారు. 50 హెర్ట్జ్ దగ్గర ఆ కాస్త తేడాకే చార పడుతుంది. మెకానికల్ షటర్ ఉంటే ఎలక్ట్రానిక్ షటర్ జోలికి పోవద్దు. వెలుతురు తగ్గించి వాడే కొన్ని ఎల్ఈడీలు ఇంకా వేగంగా మిణుకుతాయి. వాటికి 1/50 కంటే నెమ్మదిగా వెళ్లడమే మందు. ఫోనులో ప్రో మోడ్ లేకపోతే షటర్ స్పీడ్ చేత్తో మార్చే యాప్ వేసుకోండి. అల్ట్రావైడ్ కెమెరా మాత్రం వాడకండి, చీకట్లో గింజలు గింజలుగా పడుతుంది.

ఆకుపచ్చ రంగు పోవాలంటే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే పడేలా చూసే సెట్టింగ్) సరిచేసుకోవాలి. నేల మీది తెల్ల గీతను ఆధారంగా తీసుకోకండి, టైర్ల మురికికి అది ఎప్పుడో రంగు మారి ఉంటుంది. ఒక తెల్ల కాగితాన్ని అదే లైటు కింద పెట్టి ఒక ఫ్రేము తీసుకుంటే చాలు. పాత పార్కింగుల్లో నారింజ రంగు లో-ప్రెషర్ సోడియం దీపాలుంటే ప్రయాస పడకండి. వాటి వెలుగు దాదాపుగా 589 నానోమీటర్ల దగ్గరి ఒక్క పసుపే. ఎర్ర కారుకూ నీలం కారుకూ తేడా చూపే రంగు అందులో అసలు ఉండదు, లేనిదాన్ని కంప్యూటర్లో తేలేం. నలుపు-తెలుపు చేసేయండి.

ప్రశ్న: లోపల సరిగ్గా వస్తే బయటి వీధి తెల్లగా కాలిపోతోంది.

జవాబు: సూర్యుడు అస్తమించాక 20 నుంచి 30 నిమిషాలకు లోపలి లైట్లూ బయటి ఆకాశమూ ఇంచుమించు సమానమవుతాయి. భూమధ్యరేఖ దగ్గర ఈ సమయం తొందరగా దాటిపోతుంది, ఉత్తరానికి వెళ్లేకొద్దీ సాగుతుంది. పగలే తీయక తప్పదంటే రెండేసి స్టాపుల తేడాతో (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపో సగమో అవుతుంది) మూడు ఫ్రేములు తీసి కలపండి. మధ్యలో కారు కదిలితే దయ్యంలా పడుతుంది, కాబట్టి ర్యాంపు ఖాళీ అయ్యేదాకా ఆగండి.

ప్రశ్న: గుండ్రంగా తిరిగే ర్యాంపులను ఎక్కడ నిలబడి తీయాలి?

జవాబు: మధ్యలో ఖాళీ బావి ఉంటే దాని కేంద్రం నుంచే. ఫ్రాన్స్‌లో లియాన్ నగరపు సెలెస్తాన్ పార్కింగ్ 1994లో కట్టినది, మొత్తం భూగర్భంలోనే. బావి అడుగున డానియల్ బ్యూరెన్ అనే కళాకారుడు ఏటవాలుగా తిరిగే అద్దం పెట్టాడు. పైన చౌకులో ఉన్న పెరిస్కోపులోంచి చూస్తే ఆర్చీల వరుస గిరగిరా తిరుగుతున్నట్టుంటుంది. అద్దం కదులుతుంది కాబట్టి ట్రైపాడ్ మీద పెట్టినా ఎక్కువసేపు తెరిస్తే చెదిరిపోతుంది. షికాగోలోని మరీనా సిటీ జంట బురుజుల్లో కింది 19 అంతస్తులు పార్కింగే. అక్కడ కార్లను సిబ్బందే పైకి తీసుకెళ్తారు కనుక మీరు నదికి అవతలి ఒడ్డునుంచి 85–135 మిల్లీమీటర్ల లెన్సుతో తీయడం మేలు.

ర్యాంపు మలుపులో మాత్రం నిలబడవద్దు. ఎండలోంచి చీకట్లోకి దిగే డ్రైవరుకు కొన్ని క్షణాలు ఏమీ కనబడదు.

ప్రశ్న: సెక్యూరిటీ ఆపితే ఏం చేయాలి?

జవాబు: ఆపకముందే అడగండి. చాలా పార్కింగులు ప్రైవేటు స్థలాలు, వద్దనే హక్కు వాళ్లకుంది. ట్రైపాడ్ తీయగానే అందరి చూపూ మీ మీదే ఉంటుంది. దాని బదులు కెమెరాను పిట్టగోడ మీద ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. నంబర్ ప్లేట్లు చెరిపాకే బయట పెట్టండి. అమ్మే ఉద్దేశం ఉంటే దేశాన్ని బట్టి నియమం మారుతుంది: బ్రిటన్‌లో భవనం ఫొటో అమ్మడానికి వాస్తుశిల్పి అనుమతి అక్కర్లేదు. ఫ్రాన్స్‌లో ఆ అనుమతి అక్కర్లేదంటూ 2016లో వచ్చిన మినహాయింపు వ్యక్తులు వ్యాపారానికి కాకుండా వాడుకునేంతవరకే.

ప్రశ్న: ఇంటికొచ్చాక ఏ ఫొటో ఎక్కడిదో గుర్తుండటం లేదు.

జవాబు: భూగర్భంలో జీపీఎస్ పనిచేయదు. ఫోను చివరగా దొరికిన చోటునే రాసేస్తుంది, అది రెండు వీధుల అవతలిది కావచ్చు. అందుకే మొదటి ఫ్రేము ప్రవేశ ద్వారం బోర్డు, రెండోది టికెట్, మూడోది అంతస్తు నంబరున్న పిల్లరు. ఆ తర్వాతే మీ ఫొటోలు. టికెట్ ఫొటో మీ దగ్గరే ఉంచుకోండి, బార్‌కోడ్ బయట పెట్టొద్దు. తేదీ తప్పనిసరి, ఎందుకంటే పార్కింగులు కూడా మాయమవుతాయి. ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో 1967లో తెరిచిన ట్రినిటీ స్క్వేర్ పార్కింగ్‌ను 2010లో, పోర్ట్స్‌మత్‌లోని ట్రైకార్న్‌ను 2004లో, లండన్ వెల్‌బెక్ స్ట్రీట్‌లోని త్రికోణాల ముఖమున్న దాన్ని 2019లో కూల్చేశారు. గోడకు ప్లానింగ్ నోటీసు (కూల్చడానికో మార్చడానికో పెట్టే ప్రకటన) కనబడిందా, ముందు దాన్ని ఫొటో తీసుకోండి, తర్వాత లోపలికి వెళ్లండి.