విశాఖలో కుక్కల్ని నడిపించే పని, ఇంట్లో చూసుకునే పని మొదలుపెట్టాలంటే ఏం తెలిసుండాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎంవీపీ కాలనీలో ఉంటారు, స్కూటీ ఉంది. పక్క అపార్టుమెంట్లలో ఉద్యోగాలకు పోయే మూడు కుటుంబాలవాళ్ళు పొద్దుటా సాయంత్రం తమ కుక్కల్ని తిప్పమంటున్నారు, ఊరెళ్ళినప్పుడు ఇంట్లో చూసుకోమనీ అడుగుతున్నారు. రోజుకు ఎన్ని ఇళ్ళు ఒప్పుకోవచ్చు, ఎంత తీసుకోవాలి, ఏమేం కొనాలి? "కుక్కల్ని తిప్పడం కూడా ఒక పనేనా" అని ఇంట్లో అంటున్నారని కూడా రాశారు. పనే. కొంచెం ఏమరుపాటుగా ఉంటే ఎవరి ఇంటి ప్రాణమో పోయే పని.

కొనాల్సినవి తక్కువ. ముందు నేర్చుకోవాల్సింది తలుపు తీయడం, వేయడం. నవ్వకండి. కుక్క చేతిలోంచి జారిపోయేది నడక మధ్యలో తక్కువ. ఫ్లాటు గుమ్మం దగ్గర, లిఫ్టు దగ్గర, సెల్లార్ గేటు దగ్గర ఎక్కువ. యజమాని వెళ్ళిపోయిన ఇంట్లో కొత్త మనిషి చెయ్యి గడియ మీద పడగానే దానికి తోచేది ఒక్కటే, బయటికి దూకడం.

గ్రిల్ గేటు ఉన్న ఇల్లయితే గ్రిల్ తీసి ఒళ్ళు అడ్డం పెట్టి నిలబడండి. చెక్క తలుపు జానెడు తెరిచి, ఆ సందులో మోకాలు పెట్టి లోపలికి జారండి. తలుపు మూసి గడియ పెట్టాకే పలకరింపు. హార్నెస్ (ఛాతీకి తొడిగే పట్టీలు), లీష్ (మనం పట్టుకునే తాడు) అన్నీ గడియ పెట్టి ఉండగానే తొడగాలి. బయటికి వచ్చాక ఇంకో చిక్కు: తాళం వేయడానికి రెండు చేతులూ కావాలి. సరిగ్గా అప్పుడే ఎదురింటి తలుపు తెరుచుకుంటుంది, అక్కడ పిల్లి ఉంటుంది. అందుకే తాళంచెవి తిప్పేముందు లీష్ పిడి మణికట్టులోకి ఎక్కించి, కుక్కకు దగ్గరగా లీష్‌ను చెప్పుతో తొక్కిపెట్టండి. రెండు సెకన్ల పని. పిడిలోంచి చెయ్యి దూర్చి గుప్పిట పట్టాలి గానీ వేళ్ళకు చుట్టుకోకూడదు. ముప్పై కిలోల లాబ్రడార్ ఒక్క ఊపు ఊపిందంటే చుట్టిన వేలు విరుగుతుంది.

లిఫ్టు ఇంకా ప్రమాదం. తలుపుల సెన్సార్ మనిషిని చూసినట్టు సన్నటి లీష్‌ను చూడదు. మీరు లోపల, కుక్క బయట ఉండగా తలుపులు మూసుకుంటే లిఫ్టు కదులుతుంది, మెడకు బెల్టు ఉంటుంది. ఆపైన చెప్పక్కర్లేదు. లీష్‌ను మూరెడుకు కుదించి, కుక్కను కాలికి ఆనించుకుని ఇద్దరూ ఒకేసారి ఎక్కండి. వెనక గోడ దగ్గర నిలబడి, తలుపులు పూర్తిగా మూసుకునేదాకా ఆ మూరెడు వదలకండి. దిగేటప్పుడూ అంతే. తలుపు తెరిచే మీట, ఆపే మీట ఎక్కడున్నాయో ప్రతి బిల్డింగులో మొదటిరోజే చూసుకోండి. నాలుగో అంతస్తు దాకా అయితే మెట్లే మేలు. కీళ్ళ నొప్పి ఉన్న ముసలి కుక్కలకూ పొట్టి కాళ్ళ డాక్స్‌హుండ్‌లకూ మాత్రం వద్దు. అసోసియేషన్ వాళ్ళు లిఫ్టు వాడొద్దంటే, భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో పెంపుడు కుక్కల్ని లిఫ్టు ఎక్కకుండా అడ్డుకోకూడదని ఉంది. కానీ ఆ కాగితం చూపించి వాదించడం యజమాని పని. మీరు జేబులో పాత గుడ్డ ఉంచుకుని, కుక్క లిఫ్టులో తడిపితే అక్కడికక్కడే తుడిచేయండి. వాచ్‌మన్ మీ పక్షాన ఉంటే సగం గొడవలు పైదాకా రావు.

సామాను సంగతి. అయిదారు అడుగుల నైలాన్ లీష్ రెండు. బటన్ నొక్కితే సాగే చుట్ట లీష్ వద్దు: దాని తాడు కాలికి చుట్టుకుంటే చర్మం కోసుకుపోతుంది, పిడి చేజారితే డబడబలాడుతూ వెనకే వస్తుంటే కుక్క బెదిరి ఇంకా వేగంగా పరిగెడుతుంది. మెడ బెల్టు కింద రెండు వేళ్ళు దూరాలి. మూడు దూరితే వెనక్కి లాగినప్పుడు తలమీదుగా ఊడుతుంది. బెదురు కుక్కలకు హార్నెస్, మెడబెల్టు రెండూ వేసి చిన్న కొక్కెం పట్టీతో కలిపేయండి. ఒకటి ఊడినా ఇంకొకటి ఉంటుంది. యజమాని ఇచ్చిన ఇనప గొలుసు కొక్కేన్ని ఒకసారి చూడండి. సముద్రపు గాలికి మన ఊళ్ళో స్ప్రింగు తుప్పుపట్టి సగం మూసుకుని ఆగుతుంది. ఇవికాక నీళ్ళ సీసా, మడిచే గిన్నె, దొడ్డికి సంచులు, రెండు తువ్వాళ్ళు, డిజిటల్ థర్మామీటర్, పిడుదులు తీసే పట్టకారు, గొడుగు. గొడుగు వానకు మాత్రమే కాదు, దాని మాట తర్వాత వస్తుంది.

ఎన్ని ఇళ్ళు అన్నది మీ ఓపిక మీద కంటే ఎండ మీద ఆధారపడుతుంది. "అరగంట నడక" లెక్క ఇలా ఉంటుంది: బండి ఆపి, రిజిస్టర్లో రాసి, పైకెళ్ళి తలుపు తీసేసరికి 7 నిమిషాలు. హార్నెస్ 3. నడక 30. తిరిగొచ్చి కాళ్ళు కడిగి తుడిచి నీళ్ళు పెట్టడానికి 7. తాళం వేసి, ఫొటో పంపి కిందికి దిగడానికి 5. పక్క వీధికి చేరడానికి ఇంకో 8. మొత్తం గంట. డిసెంబరులో పొద్దున్న మూడు ఇళ్ళు హాయిగా అవుతాయి. మే నెలలో మనకు అయిదున్నర లోపే పొద్దు పొడుస్తుంది. 5కి మొదలుపెడితే 7 లోపు రెండే. మూడో కుక్కను నీడలో పది నిమిషాలు కాలకృత్యాలకు తిప్పి, మిగతా ఇరవై నిమిషాలు ఇంట్లోనే ఫ్యాను కింద తువ్వాలు మడతల్లో బిస్కట్లు దాచి వెతికించాలి. ముక్కుతో వెతికినా కుక్క బాగానే అలుస్తుంది. ఈ ఏర్పాటు, డబ్బు తగ్గదన్న మాట ఒప్పుకునే రోజే చెప్పేయండి. ఏప్రిల్లో చెబితే ఎగ్గొట్టడానికి సాకు అనుకుంటారు.

ఎండ గురించి ఇంత పట్టుదలెందుకంటే, కుక్క ఒంటి వేడి దిగేది ప్రధానంగా రొప్పడం వల్లే: నాలుక మీద తడి ఆవిరైతేనే చల్లబడుతుంది. విశాఖ గాలిలో అసలే తేమ ఎక్కువ, ఆ తడి తొందరగా ఆరదు. పొడిగాలి ఊళ్ళో తట్టుకున్న ఎండను ఇక్కడ రెండు డిగ్రీలు తక్కువున్నా తట్టుకోలేకపోవచ్చు. పగ్, షిట్జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి దారే ఇరుకు, వాటికి ఎండాకాలం పది నిమిషాలు చాలు. సాయంత్రం నాలుగున్నరకు ఆఫీసు నుంచి ఫోన్ చేసి "చల్లబడింది కదా, తీసుకెళ్ళు" అంటారు. గాలి చల్లబడుతుంది, తారు చల్లబడదు. అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించండి. ఆగలేకపోతే కుక్క పాదం కూడా ఆగలేదు.

కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటిందంటే వడదెబ్బ దారిలో ఉన్నట్టు. నాలుక వెడల్పయి పక్కకు వేలాడటం, చిగుళ్ళు ఎర్రగా కందడం, చిక్కటి చొంగ, నడక తూలడం, ఇవి కనబడితే థర్మామీటర్ కోసం వెతుక్కోవద్దు. నీడలోకి చేర్చి కుళాయి నీళ్ళు ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట, తొడల కింద ధారగా పోస్తూ గాలి విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే బిగుస్తుంది. 103కి దిగాక నీళ్ళు ఆపి డాక్టరు దగ్గరికి. తేరుకుని తోక ఊపినా సరే, లోపలి దెబ్బ గంటల తర్వాత బయటపడొచ్చు.

వీధి కుక్కలు. ప్రతి గుంపుకూ సరిహద్దు ఉంటుంది. కుక్కను తీసుకెళ్ళకముందు ఒక్కరే ఆ దారిలో రెండు పొద్దులు నడిచి, ఏ మలుపు దాకా ఏ గుంపు వస్తుందో చూసుకోండి. ఆదివారం పొద్దున్న చికెన్, మటన్ దుకాణాల వీధి పూర్తిగా మానేయండి. ఎదురుపడితే పరిగెత్తొద్దు, అరవొద్దు. మీ కుక్కను వెనక్కి పెట్టి, పక్కవాటంగా, మెల్లగా వచ్చిన దారినే జరగండి. దగ్గరికొస్తే గొడుగు ఠప్పుమని వాటివైపు తెరవండి. చాలావరకు ఆగుతాయి, మీ కుక్కా వాటికి కనబడదు. చిన్నకుక్కను భుజానికెత్తుకుంటే వీధికుక్కలు దానికోసం మీ మీదకే ఎగురుతాయి. బండి ఎక్కించడమో గేటులోకి దూరడమో కుదిరినప్పుడే ఎత్తుకోండి. ఎదకు వచ్చిన ఆడకుక్కను ఆ రెండు మూడు వారాలు వీధిలోకి తీయనని ముందే చెప్పండి.

బీచ్ అందరూ అడుగుతారు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీదకు బళ్ళను రానివ్వని వేళ బాగానే ఉంటుంది గానీ, ఇసుకలోకి దిగాక మూడు చూసుకోవాలి. ఒకటి, వలలు, గాలాలు పడి ఉండే జాలరిపేట వైపు వద్దు. పెదవికి దిగిన గాలాన్ని మీరు లాగితే ములుకు చీరేస్తుంది, డాక్టరే కోసి తీయాలి. రెండు, ఎండుచేపలు, ఒడ్డున పడిన చచ్చిన చేపలు నోట పెట్టనివ్వొద్దు. మూడు, ఉప్పునీళ్ళు: దాహమేసి గుటకలు వేస్తే వాంతులు, విరేచనాలు; ఎక్కువ తాగితే ఉప్పు రక్తంలో పెరిగి ఫిట్స్ దాకా పోతుంది. ఇసుకలో దిగేముందే మంచినీళ్ళు తాగించండి. ఆర్కే బీచ్‌లో అలల్లోకి దిగడం మనుషులకే మంచిది కాదు, బంతి విసిరి కుక్కను దింపడం అసలే వద్దు.

డబ్బు. గంటకు మీకు 200 మిగలాలనుకుంటే (లెక్క కోసం తీసుకున్న అంకె) "అరగంట నడక" ధర 200 అవుతుంది. 100 అడిగితే సగం కూలికి చేసినట్టే. రోజుకు ఒక పూట చొప్పున నెలకు 26 రోజులైతే 5,200, పెట్రోలు ఖర్చు దానిమీద వేరుగా కలుపుకోండి. నెల డబ్బు ముందే, రద్దు చేయాలంటే ముందురోజు రాత్రి 8 లోపు చెప్పాలి. రెండిళ్ళ కుక్కల్ని కలిపి తిప్పితే సమయం మిగులుతుంది నిజమే, కానీ ఒకటి వీధికుక్క మీదకు దూకినప్పుడు రెండోదాన్ని పట్టడానికి మీకు మూడో చెయ్యి లేదు.

ఊరెళ్ళినప్పుడు చూసుకోవడం వేరే పని. సంక్రాంతికి ఊరంతా ఖాళీ అవుతుంది, అందరూ ఒకేసారి అడుగుతారు. రెండిళ్ళకు మించి ఒప్పుకోవద్దు, సగం ముందు తీసుకోండి. వాళ్ళు బయల్దేరకముందు ఒక పూట వాళ్ళెదుటే వెళ్ళి తిండి పెట్టి, తిప్పి చూడాలి. "రెండు గిన్నెలు" అంటే ఏ గిన్నె? తూకం వేసి గ్రాముల్లో రాసుకోండి. పెద్దజాతి కుక్కకు తిండికీ నడకకూ మధ్య గంట తేడా ఉండాలి, కడుపు మెలిపడే ప్రమాదం వాటికి ఎక్కువ. ఉల్లిపాయ వేసిన ఉప్మా, కిస్‌మిస్ ఉన్న పాయసం, చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్ గమ్ విషాలే. జ్వరంగా ఉందని డోలో (పారాసిటమాల్) వేయొద్దు. పిల్లికయితే ఒక్క బిళ్ళే చంపుతుంది. ఏసీ మీద నమ్మకం పెట్టుకుని తలుపులన్నీ మూసి పోకండి, కరెంటు పోతే గది పొయ్యి అవుతుంది. ఇన్వర్టర్ మీద తిరిగే ఫ్యాను ఉన్న గది, రెండుచోట్ల నీళ్ళు. డాక్టరు పేరు, టీకాల పుస్తకం, "నేను ఫోనెత్తకపోతే ఇంతవరకు ఖర్చుపెట్టొచ్చు" అని యజమాని సంతకంతో ఒక ముక్క తీసుకోండి. తాళంచెవికి ఇంటి నంబరు కట్టకండి, మీకే తెలిసిన గుర్తు చాలు.

టీకాలు పూర్తికాని కుక్కపిల్లలున్న ఇంటికి అన్నిటికంటే ముందు వెళ్ళండి. వాటి ప్రాణం తీసే పార్వో వైరస్ చెప్పులకు, బట్టలకు అంటుకుని వస్తుంది. తిరిగొచ్చిన ప్రతిసారీ చెవుల లోపల, వేళ్ళ సందులు, బెల్టు కింద, చంకలు తడిమి చూడండి. పిడుదు కనబడితే పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి, కిరసనాయిలు పోయకూడదు. తిండి మానేసి చిగుళ్ళు తెల్లబడితే, మూత్రం కాఫీ రంగులోకి మారితే ఆరోజే డాక్టరుకు చూపించాలి, పిడుదుల జ్వరం ఆగదు.

మీ సంగతి. మొదటి ఇంటికి వెళ్ళకముందే రేబీస్ టీకా ముందస్తుగా 0 (మొదటి డోసు రోజు), 7 రోజుల్లో, తర్వాత 21 లేదా 28వ రోజున వేయించుకోండి. కరిస్తే, పెంపుడు కుక్కయినా సరే, కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు. తర్వాత కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్ళండి. ముందస్తు టీకా పూర్తయినవాళ్ళకు 0, 3 రోజుల్లో రెండు డోసులతో సరిపోతుంది, సీరం (గాయం దగ్గర వేసే రేబీస్ విరుగుడు ఇంజెక్షన్) అక్కర్లేదు. వేయించుకోనివాళ్ళకు కోర్సు మొత్తం, గాయాన్ని బట్టి సీరం. రేబీస్ టీకా గడువు దాటిన కుక్కను "వచ్చేవారం వేయిస్తాం" అని అప్పగించబోతే ఆ వచ్చేవారమే మొదలుపెడతానని చెప్పండి. మీరు రాసిన మూడు ఇళ్ళలో ఎవరి పుస్తకంలో ఏ తేదీ ఉందో ముందు అది చూసి రండి.